అందరూ నడిచే నది బాట మీద మౌంటెన్ బైక్ తొక్కడం ఎలా?

ఊరి మధ్య నుంచి పోయే నది పక్కన బాట ఉందంటే దాని మీద మీరొక్కరే ఉండరు. పొద్దున నడకకు వచ్చే పెద్దవాళ్లు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పరిగెత్తేవాళ్లు, పసిపిల్లల బండి తోసుకొచ్చే అమ్మానాన్నలు, కుక్కల్ని తిప్పేవాళ్లు, గాలం వేసి కూర్చున్నవాళ్లు, నిన్నో మొన్నో రెండు చక్రాల మీద నిలబడటం నేర్చుకున్న బుడతలు, అందరూ ఉంటారు. వీళ్ల మధ్యలోకి లావు టైర్లు, బారెడు హ్యాండిల్ ఉన్న సైకిల్‌తో మీరు దిగుతారు. కొండ మీద పనికొచ్చే ఒడుపులు ఇక్కడ సగమే పనికొస్తాయి. మిగతా సగం గురించి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందే నా అభిప్రాయం చెప్పేస్తాను. ఈ బాట వేగం నేర్చుకునే చోటు కాదు, నిదానం నేర్చుకునే చోటు. నిదానంగా తొక్కడం చేతకానివాడు కొండ మీద కూడా వేగంతోనే తప్పులు కప్పిపుచ్చుకుంటాడు. నేను మూడేళ్లు అలాగే నెట్టుకొచ్చాను.

ముందు ఒకసారి నడవండి

మొదటి రోజు సైకిల్ ఇంట్లో వదిలేసి, తొక్కాలనుకున్నంత మేర నడిచి రండి. చాదస్తంలా అనిపిస్తుంది, తెలుసు. సైకిల్ మీద ఉన్నప్పుడు కళ్లన్నీ ముందు చక్రం కింద నేల మీదే ఉంటాయి. నడిచేటప్పుడు పక్కలు కూడా కనిపిస్తాయి. అంతకన్నా ముఖ్యం, వెనక నుంచి సైకిల్ వస్తే ఎలా ఉంటుందో తెలుస్తుంది. నేను అలా నడిచిన రోజు ఒకతను చడీచప్పుడు లేకుండా వచ్చి నా మోచేతి పక్కనుంచి దూసుకుపోయాడు. ముందు గాలి తగిలింది, ఆ తర్వాత గుండె ఝల్లుమంది. అంతకు ముందు వారమే అదే బాట మీద నేనూ సరిగ్గా అలాగే పోయాను. తొక్కేవాడికి బోలెడంత జాగా అనిపించింది, నడిచేవాడికి జానెడే.

నడిచేటప్పుడు బాట మొదట్లో ఉన్న బోర్డు పూర్తిగా చదవండి. సైకిళ్లు రావచ్చా, ఏ వేళల్లో, వేగానికి హద్దు ఉందా, ఏ పక్క తొక్కాలి, ఎక్కడ దిగి నడిపించాలి, ఇవన్నీ దాదాపు అక్కడే ఉంటాయి. దిగి నడిపించమన్న చోట దిగండి. మౌంటెన్ బైక్ కదా, పక్కనున్న గడ్డి మీంచి పోదాం అనుకోవద్దు. బోర్డు మీద పక్క గురించి ఏమీ రాయకపోతే, మీరున్న దేశంలో రోడ్డు మీద వాహనాలు ఏ పక్క నడుస్తాయో ఆ పక్కే పట్టుకోండి.

ఇంకా గమనించాల్సినవి: ఎదుటివాళ్లు కనిపించని మలుపులు, వంతెనల కింద చీకటిగా ఉండే చోట్లు, వీధుల్లోంచి మెట్లో సందులో వచ్చి బాటలో కలిసే చోట్లు, బెంచీలు, పిల్లలు ఆడుకునే స్థలాలు. కార్లు రాకుండా బాటకు అడ్డంగా పాతిన పొట్టి స్తంభాలు ఎక్కడున్నాయో బాగా గుర్తుపెట్టుకోండి. ఒంటరిగా వస్తే అవి దూరం నుంచే కనిపిస్తాయి. ఒకరి వెనక ఒకరు తొక్కుతున్నప్పుడు ముందువాడు చివరి క్షణంలో పక్కకు తప్పుకుంటే, వెనకవాడికి స్తంభం నేలలోంచి మొలిచినట్టే ఉంటుంది.

వేళ కూడా చూసుకోండి. ఒకే బాట గంటగంటకూ మారిపోతుంది. సెలవు రోజు సాయంత్రం జాతరలా ఉండేది, మామూలు రోజు మధ్యాహ్నం ఖాళీగా ఉంటుంది. సాధన చేయాలంటే ఆ ఖాళీ వేళే మంచిది.

సైకిల్‌ని ఈ బాటకు తగ్గట్టు సర్దుకోండి

టైర్లతో మొదలుపెడదాం. నది బాట ఒకే రకం నేల కాదు. కాస్త తారు, కాస్త కంకర, కాస్త చెక్క పలకలు, ఆ తర్వాత మట్టి. సుమారు 70 కిలోల మనిషికి, ట్యూబ్ లేని 2.3 అంగుళాల టైర్లయితే గాలి ముందు 22, వెనక 25 పీఎస్ఐ (టైరులో గాలి ఒత్తిడి కొలిచే లెక్క) దగ్గర మొదలుపెట్టండి. ట్యూబ్ ఉంటే నాలుగైదు పీఎస్ఐ ఎక్కువ పెట్టండి, లేకపోతే రాయి మీద ఎక్కినప్పుడు ట్యూబ్ నలిగి పాము కాటులా రెండు చిల్లులు పడతాయి. తారు మీద సుఖంగా పోతుందని గాలి రాయిలా కొట్టేస్తే, కంకర మీద టైరు నేలను పట్టుకోదు, గెంతుతుంది.

హ్యాండిల్ వెడల్పు కొలిచి గుర్తుంచుకోండి. ఇప్పటి మౌంటెన్ బైక్‌లకు 76 నుంచి 80 సెంటీమీటర్లు ఉంటుంది. రెండు మీటర్ల బాట మీద అలాంటివి రెండు ఎదురుపడితే మిగిలేది 40 సెంటీమీటర్లు. అందులో సగం మీ వేళ్ల పక్కన, సగం అవతలివాళ్ల వేళ్ల పక్కన అనుకుంటే, మధ్యలో నడిచే మనిషికి చోటెక్కడ? ఇంట్లో తలుపులోంచి సైకిల్ తోసినప్పుడు ఎన్నిసార్లు హ్యాండిల్ చివర గోడకు తగిలిందో గుర్తు చేసుకోండి. మనకు హ్యాండిల్ వెడల్పు ఎప్పుడూ అసలుకన్నా తక్కువే అనిపిస్తుంది.

బెల్లు పెట్టుకోండి. కొండ మీద తొక్కేవాళ్లలో కొందరికి బెల్లంటే నామోషీ. చిన్నపిల్లల సైకిల్‌లా ఉంటుందట. వెనక చక్రం మధ్యలోని హబ్ చేసే టిక్‌టిక్ శబ్దమే చాలంటారు. తొక్కకుండా వదిలేస్తే చక్రం చేసే ఆ శబ్దం వెనక నుంచి వినేవాడికి ఏ పురుగో అనిపిస్తుంది తప్ప సైకిల్ అనిపించదు. ఒక్కసారి తడితే కాసేపు మోగే ఇత్తడి బెల్లు మంచిది. దాని శబ్దం మెల్లగా తగ్గుతూ పోతుంది కాబట్టి వినేవాళ్లు ఉలిక్కిపడరు. ఎలక్ట్రిక్ హారన్ మాత్రం వద్దు, మనుషులు అదిరిపడతారు. బెల్లును బొటనవేలికి అందేలా బిగించండి. బ్రేకు మీంచి వేలు తీయకుండా మోగించగలగాలి.

బ్రేకు లివర్లు ఒక్క చూపుడువేలితో నొక్కగలిగేలా సర్దుకోండి. మిగతా వేళ్లు హ్యాండిల్‌ను పట్టుకునే ఉండాలి. హెల్మెట్ కనుబొమలకు రెండు వేళ్ల పైన కూర్చోవాలి, వెనక్కి జారిన టోపీలా కాదు. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు కుంగకుండా ఆపే లాక్ ఉంటే తారు ముక్క మీద వేసుకోండి, మట్టి రాగానే తీసేయండి. నేను తీయడం మర్చిపోతూనే ఉంటాను.

నిదానంగా తొక్కడం నేర్చుకోండి

కాస్త వేగంగా పోతుంటే సైకిల్‌ను నిలబెట్టడానికి మనం పెద్దగా చేసేదేమీ ఉండదు. హ్యాండిల్ కొద్దిగా అటూ ఇటూ కదిలితే చాలు, చక్రాలు మన బరువు కిందికి వచ్చేస్తాయి. మనిషి నడిచే వేగానికి దిగామా, అదే పనికి హ్యాండిల్‌ను చాలా ఎక్కువ తిప్పాల్సి వస్తుంది. అప్పుడే ఒళ్లు బిగుసుకుపోతుంది, చూపు ముందు చక్రం మీదికి పడుతుంది, కాలు కింద పెట్టేస్తాం. రద్దీ బాట మీద ఆ కాలు కింద పెట్టే క్షణంలోనే సైకిల్ పక్కకు ఒరిగి ఎవరికో తగులుతుంది.

ఖాళీగా ఉన్న గడ్డి నేల చూసుకోండి. సీటు నాలుగు వేళ్లు కిందికి దించండి. గేరు మధ్యస్థంగా పెట్టండి. మరీ తేలిక గేరులో పెడల్ ఉత్తినే తిరిగిపోతుంది, కాలికి ఆనుకోవడానికి ఏమీ దొరకదు. ఇప్పుడు మెల్లగా తొక్కుతూ వెనక బ్రేకు కొంచెం నొక్కి ఉంచండి. తొక్కడం ఆపొద్దు. బ్రేకు లాగుతుంటే, దానికి ఎదురుగా కాలు నెట్టాలి. ఆ రెండింటి మధ్య సైకిల్ బిగువుగా, మన చెప్పుచేతల్లో ఉంటుంది. ముందు బ్రేకు జోలికి పోవద్దు. హ్యాండిల్ తిరిగి ఉండగా దాన్ని నొక్కితే సైకిల్ ఉన్నచోటే పడుకుంటుంది.

చూపు నాలుగైదు మీటర్ల ముందు ఉండాలి. చూపు ఎటు పోతే సైకిల్ అటే పోతుందని కొత్తగా చెప్పక్కర్లేదు కదా. దవడ బిగబట్టారేమో చూసుకోండి. నవ్వొచ్చే సలహాలా ఉంటుంది గానీ, దవడ వదిలితే భుజాలు వదులవుతాయి, భుజాలు వదులైతే చేతులు వదులవుతాయి.

పది మీటర్ల దూరంలో రెండు గుర్తులు పెట్టుకోండి, రెండు చెప్పులైనా సరే. మామూలుగా నడిచే మనిషి ఆ దూరం ఏడు సెకన్లలో దాటుతాడు. మీరు కాలు కింద పెట్టకుండా 15 సెకన్లు తీసుకోండి. అది కుదిరాక 20. మొదటి రోజు పది సెకన్లకే తూలిపోతారు. రోజుకు పది నిమిషాల చొప్పున రెండు వారాలు చేస్తే తేడా మీకే తెలుస్తుంది.

ఆ తర్వాత మెట్టు పూర్తిగా ఆగి నిలబడటం. నేల కొద్దిగా ఏటవాలుగా ఉన్న చోట, పెడల్స్ రెండూ నేలకు సమాంతరంగా పెట్టి, ముందు చక్రం ఎత్తు వైపుకు కొంచెం తిప్పి, సీటు మీంచి లేచి నిలబడండి. ముందు కాలితో కొంచెం నెట్టండి, వదలండి. సైకిల్ అరంగుళం ముందుకు, అరంగుళం వెనక్కి ఊగుతుంది. ఆ ఊగడమే మిమ్మల్ని నిలబెడుతుంది. కదలకుండా నిలబడాలని చూస్తే పడిపోతారు. ఇది పట్టుబడటానికి నాకు రెండు నెలలు పట్టింది. పక్కన బెంచీ మీద కూర్చున్న పెద్దాయన రోజూ నేను పడటం చూస్తూ ఉండేవాడు. నిలబడగలిగిన రోజు ఆయన రాలేదు.

ఇదంతా ఎందుకంటే, ముందు నలుగురు వరసగా కబుర్లు చెప్పుకుంటూ పోతుంటే వాళ్ల వెనక మీరు హడావిడి లేకుండా, తూలకుండా పోగలగాలి. నిదానంగా పోలేనివాడే త్వరగా దాటేయాలని చూస్తాడు. అతనికి వేగం మోజు అని అందరూ అనుకుంటారు గానీ, చాలాసార్లు అసలు సంగతి పడిపోతానన్న భయమే.

ఆగడానికి ఎంత దూరం కావాలో లెక్క వేసుకోండి

గంటకు 20 కిలోమీటర్లంటే సెకనుకు అయిదున్నర మీటర్లు. ఎదురుగా ఏదో వచ్చిందని కంటికి కనబడి, వేలు బ్రేకు నొక్కేసరికి ఒక సెకను పోతుంది. కంకర మీద జాగ్రత్తగా బ్రేకు వేస్తే ఇంకో అయిదు మీటర్లు. అంటే సుమారు 11 మీటర్లు. అదే 30 కిలోమీటర్ల వేగంలో ఈ మొత్తం 20 మీటర్లకు చేరుతుంది. వేగం ఒకటిన్నర రెట్లు అయితే ఆగే దూరం దాదాపు రెట్టింపు. 12 కిలోమీటర్ల వేగంలో అయిదు మీటర్లు చాలు. నేల తడిగా ఉంటే ఇవన్నీ ఇంకా పెరుగుతాయి.

కాబట్టి సూత్రం సులువు. మీకు కనిపిస్తున్న ఖాళీ బాటలో సగంలోపే ఆగగలిగే వేగంలో ఉండండి. సగం ఎందుకంటే, మలుపు అవతల నుంచి ఇంకో సైకిల్ వస్తుంటే మిగతా సగం అతనికి కావాలి.

బ్రేకు వేసేటప్పుడు రెండూ కలిపి, మెల్లగా మొదలుపెట్టి గట్టిగా నొక్కుతూ పోండి. పిరుదులు కొంచెం వెనక్కి, మడమలు కిందికి. ఆపే బలం ఎక్కువగా ముందు బ్రేకులోనే ఉంది, ఎందుకంటే ఆగేటప్పుడు బరువంతా ముందుకు వస్తుంది. వెనక చక్రం పట్టేసి జర్రున జారుతూ ఆగడం చూడ్డానికి బాగుంటుంది గానీ, ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. పైగా బాట మీద గాడి పడుతుంది, వాన వస్తే ఆ గాడే చిన్న కాలువ అవుతుంది.

మనుషుల్ని ఎలా దాటాలి

ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి. ఈ బాట మీద గొడవలన్నీ పుట్టేది ఇక్కడే.

బెల్లు వినగానే మనిషి ఏం చేస్తాడో ఒక రోజు గమనించి చూడండి. ముందు తల తిరుగుతుంది. తల వెంట భుజం, భుజం వెంట అడుగు. కుడి భుజం మీంచి వెనక్కి చూసిన మనిషి తనకు తెలియకుండానే ఒక అడుగు కుడి వైపుకు వేస్తాడు. అయిదు మీటర్ల దూరంలో బెల్లు కొట్టి అటు పక్కనుంచే వస్తున్నారనుకోండి, ఆయన్ని మీరే మీ దారిలోకి పిలిచినట్టు. అదే 25, 30 మీటర్ల దూరంలో కొడితే, ఆయన తిరిగి చూసి, ఒక అడుగు పక్కకు జరిగి, మళ్లీ తన దారిలోకి వచ్చేదాకా మీకు వ్యవధి ఉంటుంది.

అందుకే వరస ఇలా పెట్టుకోండి. దూరంగా ఉండగానే ఒక్కసారి బెల్లు. తర్వాత తొక్కడం ఆపి చూడండి: తల ఎత్తారా, చెయ్యి ఊపారా, పక్కకు జరిగారా? ఏదో ఒక సైగ కనిపిస్తేనే విన్నట్టు. కనిపించకపోతే వినలేదనే అనుకోండి. చెవుల్లో పాట ఉండొచ్చు, అసలు చెవులే వినపడకపోవచ్చు. మళ్లీ మళ్లీ కొట్టి విసిగించకుండా నడక వేగానికి దిగి, దగ్గరికి వచ్చాక మామూలు గొంతుతో "వెనక సైకిల్ వస్తోందండీ" అనండి. "ఎడమ!" "కుడి!" అని అరవద్దు. అది మీరు వచ్చే పక్కో, ఆయన జరగాల్సిన పక్కో అర్థం కాక సగంమంది సరిగ్గా మీకు అడ్డంగా వస్తారు.

ఒక మీటరు ఎడం దొరికితే ఆ వేగంలోనే దాటండి. దొరకకపోతే ఆగండి. దాటాక ఒక్క మాట, "థాంక్సండీ". మీ వెనక ఇంకెవరైనా ఉంటే అదీ చెప్పండి: "వెనక ఇంకో ఇద్దరున్నారండీ". చెప్పకపోతే మీరు పోయారు కదా అని వాళ్లు మళ్లీ బాట మధ్యకు వస్తారు, సరిగ్గా మీ స్నేహితుడి ముందుకు.

పిల్లల విషయంలో ఒక సంగతి. అమ్మ ఒక పక్క, బిడ్డ ఇంకో పక్క, మధ్యలో బాట ఖాళీ. చూడ్డానికి దారి బ్రహ్మాండంగా ఉంటుంది. ఆ మధ్యలోంచి ఎప్పుడూ పోవద్దు. బెల్లు మోగగానే బిడ్డ అమ్మ దగ్గరికి పరిగెత్తుతుంది, లేదా అమ్మే "ఇటు రా" అని పిలుస్తుంది. రెండిట్లో ఏది జరిగినా బిడ్డ మీ చక్రం ముందే ఉంటుంది. ఆగి, ఇద్దరూ ఒక పక్కకు చేరేదాకా చూడండి. సైకిల్ తొక్కుతున్న పిల్లలైతే వాళ్ల మొహం చూడకండి, ముందు చక్రం చూడండి. పిల్లవాడు వెనక్కి చూస్తే హ్యాండిల్ కూడా అటే తిరుగుతుంది.

కుక్కల దగ్గరా ఇదే సూత్రం, ఇంకాస్త ఎక్కువగా. కుక్కకు కట్టే సాగే తాళ్లు కొన్ని అయిదు మీటర్ల పైనే పోతాయి. సన్నటి తాడు. ఒక సాయంత్రం, వెలుతురు పలచబడ్డాక, ఒకావిడ బాటకు ఈ పక్క నిలబడి ఫోన్ చూసుకుంటోంది. అవతల పక్క పొదల దగ్గర తెల్ల కుక్క ఏదో వాసన చూస్తోంది. రెండింటికీ సంబంధం ఉందని నాకు తట్టలేదు. మూడు మీటర్ల దూరంలో గాలిలో ఒక గీత మెరిసింది. రెండు బ్రేకులూ పట్టేశాను, హ్యాండిల్ మీద ఛాతీ గుద్దుకుంది, తాడు నా మెడకన్నా కాస్త కింద ఆగింది. ఆవిడా నేనూ ఒకరినొకరం తిట్టుకోలేదు, ఇద్దరికీ నోట మాట రాలేదు. అప్పటి నుంచీ బాటకు ఒక పక్క కుక్క కనిపిస్తే, రెండో పక్క మనిషి ఎక్కడున్నాడా అని వెతుకుతాను. మనిషీ కుక్కా ఒకే పక్క ఉంటేనే దాటుతాను. కుక్క వెంటపడితే వేగం పెంచొద్దు, వేగం చూస్తే దానికి ఇంకా హుషారు. దిగి, మీకూ కుక్కకూ మధ్య సైకిల్ అడ్డంగా ఉంచుకుని నిలబడండి.

గుర్రాలు వచ్చే బాటలు కూడా ఉంటాయి. అక్కడ దూరంగానే ఆగి, ఏదైనా మాట్లాడండి. హెల్మెట్ పెట్టుకున్న ఈ వింత ఆకారం మనిషేనని గుర్రానికి గొంతు వింటే తెలుస్తుంది. రౌతు రమ్మన్నాకే కదలండి.

ఈ మర్యాదల వెనక ఒక చరిత్ర ఉంది. 1970లలో కాలిఫోర్నియాలోని మరిన్ కౌంటీలో, తమల్‌పాయిస్ కొండ దారుల్లో పాత సైకిళ్లు వేసుకుని కుర్రాళ్లు కిందికి దూకడంతో ఈ ఆట రూపు దిద్దుకుంది. 1976లో రీప్యాక్ అనే దారిలో పోటీలు మొదలయ్యాయి. బ్రేకు వాడకానికి వెనక హబ్‌లోని గ్రీజు కాలిపోయేదట, ప్రతిసారీ కొత్త గ్రీజు ప్యాక్ చేయాల్సి వచ్చేది కాబట్టి ఆ పేరు. మరో పదేళ్లలో నడిచేవాళ్లకూ గుర్రాలవాళ్లకూ సైకిళ్లతో పేచీలు ముదిరి, దారులు ఒక్కొక్కటే సైకిళ్లకు మూతపడుతూ వచ్చాయి. అప్పుడే 1988లో కాలిఫోర్నియా క్లబ్బులు కొన్ని కలిసి ఇంటర్నేషనల్ మౌంటెన్ బైసికిలింగ్ అసోసియేషన్ పెట్టుకున్నాయి. వాళ్ల నియమాల్లో ఒకటి: నడిచేవాళ్లకూ గుర్రాలకూ సైకిలే దారి ఇవ్వాలి. దారులు పోగొట్టుకుని నేర్చుకున్న నియమం అది.

గాలం వేసేవాళ్ల వెనకనుంచి పోయేటప్పుడు కూడా బెల్లు కొట్టండి. గాలం విసరడానికి కర్ర మొదట వెనక్కే వస్తుంది, కొక్కెంతో సహా.

తడి, పాచి, చెక్క పలకలు

నది పక్క బాటకు కొండ దారిలో లేని చిక్కులు కొన్ని ఉన్నాయి. వంతెన కింద ఎండ పడదు, కాబట్టి కాంక్రీటు మీద పలచటి పచ్చని పాచి పడుతుంది. బాట మొత్తం ఎండిపోయినా అక్కడ మాత్రం తడే. పాచి మీద టైరు ఎంత మంచిదైనా ఒకటే. మలుపు తిప్పొద్దు, బ్రేకు వేయొద్దు. ముందే వేగం తగ్గించుకుని, సైకిల్ నిటారుగా ఉంచి, తిన్నగా పోండి. ఎండలోంచి ఆ నీడలోకి వెళ్లినప్పుడు రెండు మూడు సెకన్లు కంటికి ఏమీ ఆనదు. పగిలిన గాజుపెంకులు కూడా ఎక్కువగా అక్కడే ఉంటాయి.

తడిసిన చెక్క వంతెనలూ అంతే. పలకల మధ్య సందులు మీరు పోయే దిక్కుకు అడ్డంగా ఉంటే ఫర్వాలేదు. పొడుగునా ఉంటే చక్రం సందులో ఇరుక్కోకుండా కాస్త ఏటవాలుగా దాటండి. ఇనుప పట్టీలు, చెట్ల వేర్లు వస్తే మాత్రం వాటిని తిన్నగా, చక్రం అడ్డంగా కోసినట్టు దాటాలి. ఒరుసుకుంటూ పోతే ముందు చక్రం వాటి వెంట జారిపోతుంది.

నది పొంగి తగ్గాక బాట మీద ఒండ్రు మిగులుతుంది. పైన ఎండి పగుళ్లిచ్చి గట్టిగా కనిపిస్తుంది, కింద వెన్నలా ఉంటుంది. పగుళ్ల అంచులు పైకి లేచి ఉంటే, కింద ఇంకా తడి ఉందని అనుమానించండి. పారుతున్న నీళ్లు బాట మీదికి వచ్చి ఉంటే వెనక్కి తిరగండి. అడుగులో సగం లోతు ప్రవాహం చాలు మనిషి కాళ్లు లాగేయడానికి. పైగా బురదనీళ్ల కింద బాట ఉందో, కొట్టుకుపోయిందో పైనుంచి తెలియదు. వరదనీళ్లలో మురుగు కలిసి ఉంటుంది. ఆ బురద నీళ్ల సీసా మూతి మీద చిందితే కడగకుండా తాగొద్దు.

మెత్తటి మట్టి మీద మీ టైరు గాడి చేస్తోందంటే ఆ రోజుకు అక్కడ తొక్కడం ఆపేయండి. గుంట కనిపిస్తే పక్కనుంచి తిప్పుకుపోవాలనిపిస్తుంది. అందరూ అలాగే పోతే వారం తిరిగేసరికి గుంట, దాని చుట్టూ బాట, ఆ బాటలో కొత్త గుంట. నెమ్మదిగా మధ్యలోంచే పోండి, బురద కడుక్కోవచ్చు. గట్టు మీంచి నీళ్ల దాకా దిగే అడ్డదారులు ఊరిస్తాయి, నాకూ తెలుసు. ఆ గట్టును పట్టుకుని ఉన్నవి గడ్డి వేర్లే. నాలుగు టైర్లు పడి గడ్డి చస్తే, తర్వాతి వరదకు గట్టు అంచు జారుతుంది.

చీకటి పడ్డాక

మామూలు బాటకు 200 నుంచి 400 ల్యూమెన్ల (వెలుగు కొలిచే లెక్క) లైటు చాలు. కొండకు కొన్న పెద్ద లైటు ఉంటే తక్కువ మీద పెట్టి, వెలుగు ఏడెనిమిది మీటర్ల ముందు నేల మీద పడేలా వంచండి. చీకటికి అలవాటుపడటానికి కంటికి 20, 30 నిమిషాలు పడుతుంది. మీరు ఒక్క క్షణం మొహం మీద కొట్టిన లైటు ఎదుటివాడి చూపును మళ్లీ మొదటికి తెస్తుంది. హెల్మెట్ లైటు మరీ ప్రమాదం, మీరు ఎవరి మొహం చూస్తే వాళ్ల కళ్లలోనే కొడుతుంది. మనుషులు ఎదురైనప్పుడు దాన్ని ఆర్పేయండి. వెనక ఎర్ర లైటు తప్పనిసరి.

ఇంటికి వచ్చాక

నది ఇసుక చెయిన్‌ను ఆకురాయిలా అరగదీస్తుంది. బకెట్ నీళ్లు, మెత్తటి బ్రష్షు చాలు. ఎక్కువ ఒత్తిడితో చిమ్మే పైపు బేరింగుల మీద పెడితే గ్రీజు పోయి నీళ్లు చేరతాయి. చెయిన్ తుడిచి, పూర్తిగా ఆరాకే నూనె వేయండి, ప్రతి లింకు మీదా ఒక్కో చుక్క, మిగిలింది గుడ్డతో తుడిచేయండి. నూనె చెయ్యి చక్రం పక్కనుండే బ్రేకు డిస్కుకు తగలనివ్వకండి, తగిలితే బ్రేకు అరవడం మొదలవుతుంది, పట్టు తగ్గుతుంది.

చివరగా చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ టైరు మొత్తం చూడండి. ముల్లో గాజుముక్కో కనిపిస్తే, ట్యూబ్ ఉన్న టైరయితే వెంటనే లాగేయండి. ట్యూబ్ లేని టైరయితే లాగిన మరుక్షణం చక్రం తిప్పి, ఆ చిల్లు కిందికి వచ్చేలా పెట్టండి, చిల్లులు పూడ్చడానికి లోపల పోసే ద్రవం, సీలెంట్, అక్కడికి చేరి పూడుస్తుంది. మర్నాడు పొద్దున బొటనవేలితో నొక్కి చూడండి. మెత్తబడి ఉంటే ఆ చిల్లు పూడలేదన్నమాట, లేదా ఇంకో ముల్లు ఎక్కడో మిగిలే ఉంది.